కొత్త బ్యాటరీ వేసినా రెండు వారాలకే సెల్ఫ్ కొట్టని క్యాంపర్ వ్యాన్: ముందు పట్టుకోవాల్సింది కరెంటు తాగేదాన్ని

మీరు రాసింది ఒకసారి మళ్ళీ చెప్పుకుంటాను, ఎక్కడైనా పొరపాటు పడితే సరిదిద్దండి. డీజిల్ క్యాంపర్ వ్యాన్. రెండు వారాలు కదపకుండా ఉంచితే తాళం తిప్పగానే టిక్ టిక్ టిక్‌మని చప్పుడొస్తుంది, సెల్ఫ్ తిరగదు. 80 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీ కొత్తది వేయించి ఎనిమిది నెలలే అయింది. పక్క బండి నుంచి జంప్ ఇస్తే వెంటనే స్టార్టవుతుంది, రోజూ నడిపినన్నాళ్ళు ఏ పేచీ లేదు. పైన 150 వాట్ల సోలార్ ప్యానెల్ ఉంది, లోపల లైట్లు, ఫ్రిజ్ చక్కగా నడుస్తున్నాయి. మెకానిక్ మళ్ళీ బ్యాటరీ మార్చమంటున్నారు. ఈసారి 100 ఏహెచ్ వేయించమంటారా అని మీ ప్రశ్న.

వద్దండి, ఇప్పుడే వద్దు. ముందు చిన్న లెక్క చూడండి. నిండుగా ఉన్న 80 ఏహెచ్ బ్యాటరీ 14 రోజుల్లో సెల్ఫ్ తిప్పలేని స్థితికి వచ్చిందంటే సుమారు 55 ఏహెచ్ ఖర్చయి ఉండాలి. అంటే రోజుకు దాదాపు 4 ఏహెచ్. 24 గంటలకు పంచితే 0.16 ఆంపియర్. రెండు వాట్ల చిన్న బల్బు రాత్రీ పగలూ వెలుగుతూ ఉన్నట్టన్నమాట. ఆపి తాళం వేసిన బండి గడియారానికీ, అలారానికీ, కంప్యూటర్ జ్ఞాపకానికీ తీసుకునే కరెంటు మామూలుగా 0.05 ఆంపియర్ లోపే ఉంటుంది. మీది దానికి మూడు రెట్లు. ఇప్పుడు 100 ఏహెచ్ వేయించారనుకోండి, అదనంగా వచ్చే 20 ఏహెచ్‌తో మీకు దక్కేది ఐదు రోజులు. 14వ రోజు రావాల్సిన టిక్ టిక్ 19వ రోజు వస్తుంది. కుండ పెద్దదైనంత మాత్రాన చిల్లు పూడదు కదా.

ఇంకో మాట. ఇలాంటి బళ్ళు నా చేతికి చాలానే వచ్చాయి. యజమానులందరూ ఒకచోటే పొరబడుతుంటారు: "లోపల లైట్లు బాగానే ఉన్నాయి కదా, సోలార్ ఉంది కదా, బ్యాటరీ ఎలా డౌన్ అవుతుంది?" అని. క్యాంపర్ వ్యాన్‌లో బ్యాటరీలు రెండు, సంసారాలు రెండు. ఇంజిన్‌ను లేపేది ఒకటి, అదే స్టార్టర్ బ్యాటరీ. లైట్లు, నీళ్ళ పంపు, ఫ్యాను, ఫ్రిజ్ నడిపేది ఇంకొకటి, దాన్ని ఇక్కడ ఇంటి బ్యాటరీ అంటాను. చాలా బళ్ళలో సోలార్ కంట్రోలర్ ఇంటి బ్యాటరీకే అన్నం పెడుతుంది. బయటి నుంచి ప్లగ్గు పెట్టి మెయిన్స్ ఇచ్చినా అంతే, లోపలున్న ఛార్జర్ చాలాసార్లు ఇంటి బ్యాటరీనే నింపుతుంది. బండి ఆగిన క్షణం నుంచి స్టార్టర్ బ్యాటరీకి పెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు, తినేవాళ్ళు మాత్రం ఉంటారు. రేడియో, సెంట్రల్ లాక్, అలారం, ట్రాకర్, డాష్‌క్యామ్, మెట్టు మోటారు, డాష్‌బోర్డు సాకెట్లు ఇవన్నీ సాధారణంగా దాని మీదే ఉంటాయి. కారైతే రెండు రోజులకోసారైనా రోడ్డెక్కుతుంది. క్యాంపర్ నెలల తరబడి నిలబడుతుంది. మీ బ్యాటరీకి రోగం ఉందో లేదో తర్వాత చూద్దాం, పస్తులు మాత్రం ఖాయంగా ఉంటోంది.

మొదట ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ తెచ్చుకోండి. బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేసి, కనీసం నాలుగైదు గంటలు వదిలేసి, అప్పుడు కొలవండి. ఛార్జింగ్ తీసిన వెంటనే కొలిస్తే పైపై వోల్టేజీ చూపించి మోసం చేస్తుంది. అంత ఆగే ఓపిక లేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి, ఆపి, ఇంకో ఐదు నిమిషాలకు కొలవండి. 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు. ఏజీఎమ్ రకమైతే (యాసిడ్‌ను గాజు పీచు మ్యాట్‌లో పీల్చి ఉంచే సీల్డ్ బ్యాటరీ) 12.8 దాటి ఉంటుంది. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు, 11.9 కిందకు దిగితే ఖాళీ అనుకోవాలి. చూశారా, నిండుకూ సగానికీ మధ్య తేడా అర వోల్టు మాత్రమే. అందుకే డాష్‌బోర్డు మీది ముల్లును నమ్మి లాభం లేదు. రాత్రంతా ఛార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోయిందంటే ఆరు సెల్‌లలో ఒకటి చచ్చిపోయిందని అర్థం. ఒక్కో సెల్ వాటా 2.1 వోల్టులు, 12.6లోంచి ఒకటి తీసేస్తే సరిగ్గా అంతే మిగులుతుంది. అలాంటప్పుడు ఇంకేమీ ఆలోచించకుండా మార్చేయొచ్చు.

తర్వాత సెల్ఫ్ కొడుతున్నప్పుడు కొలవాలి. మీటర్ ముళ్ళు బ్యాటరీ పోస్టుల మీద పెట్టి ఇంకొకరిని తాళం తిప్పమనండి. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ మామూలు వాతావరణంలో 9.6 కన్నా కిందికి దిగదు. గబగబా టిక్ టిక్ అంటూ 7కో 6కో పడిపోతే బ్యాటరీ ఖాళీ, లేదా పాడు. ఒకే ఒక్క "టక్" మని ఊరుకుని, మీటరేమో 12 మీదే నిలబడితే మాత్రం బ్యాటరీని తిట్టకండి. దాని దగ్గర కరెంటు ఉంది, సెల్ఫ్ దాకా చేరడం లేదు. సోలెనాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్), సెల్ఫ్ మోటారు, కేబుళ్ళు, టెర్మినళ్ళు అక్కడ చూడాలి. తాళం తిప్పితే అసలు ఏ చప్పుడూ రాకపోతే ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే ఇంజిన్‌ను లేవనివ్వని పరికరం), ఇగ్నిషన్ స్విచ్, ఫ్యూజు వైపు వెళ్ళాలి. మీరు రాసిన "టిక్ టిక్ టిక్" మొదటి రకం, అందుకే నా అనుమానం తిండి లెక్క మీదికి వెళ్ళింది.

ఎర్త్ (కరెంటు ఇంజిన్, ఛాసిస్ ఇనుము మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగొచ్చే దారి) సంగతి కూడా చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే దీని వల్ల మంచి బ్యాటరీలు చాలా చెత్తలోకి వెళ్తాయి. డీజిల్ ఇంజిన్ సెల్ఫ్ 300 ఆంపియర్లు లాగిందనుకోండి. దారిలో ఎక్కడో తుప్పు పట్టి 0.003 ఓమ్ అడ్డు వచ్చినా 0.9 వోల్టు అక్కడే వేడై పోతుంది. మీటర్ ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, క్లాంప్ మీద కాదు, సరిగ్గా సీసం పోస్టు మీద పెట్టండి. రెండోది ఇంజిన్ బ్లాకు మీద శుభ్రమైన ఇనుము మీద ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.2 లోపు ఉంటే సరి. అర వోల్టు చూపిస్తే ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వెళ్ళే అల్లిక పట్టీని విప్పి, రెండు చివర్లూ మెరిసేదాకా గీకి, బిగించండి. పాజిటివ్ వైపు బ్యాటరీ పోస్టు నుంచి సెల్ఫ్ మోటారు బోల్టు దాకా అర వోల్టు వరకు సహించొచ్చు. ఈ పట్టీ బండి అడుగున బురదలో, నీళ్ళలో ఉంటుంది, ఎవరి కంటా పడదు.

ఇక మీ అసలు పని. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ ఈ దొంగను ఓపికుంటే మల్టీమీటరే పట్టిస్తుంది.

నేను చేసే పద్ధతి ఇది. బోనెట్ ఎత్తుతాను. దాని లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసిన స్థితికి తెస్తాను, అప్పుడే బండి బోనెట్ మూసి ఉందనుకుంటుంది. తలుపుల లాక్‌లకూ అదే పని చేసి, ఒక అద్దం దించి ఉంచుతాను. లేకపోతే తాళం లోపలే ఉండిపోయి బండి తనంతట తాను లాక్ అయిపోతుంది. కేబిన్ లైట్లు ఆపుతాను. మీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌కు మార్చి, నెగటివ్ పోస్టుకూ నెగటివ్ క్లాంపుకూ మధ్య వరసలో పెట్టాలి. అయితే క్లాంపు ఒక్క క్షణం ఊడినా కంప్యూటర్లన్నీ కొత్తగా లేచి కూర్చుంటాయి, దొంగ కూడా సర్దుకుంటాడు. అందుకని ముందుగా ఒక జంపర్ వైరును పోస్టు నుంచి ఛాసిస్‌కు బిగించి, అప్పుడు క్లాంపు తీసి, మీటర్ కలిపి, ఆఖరున జంపర్ తీసేస్తాను. ఈ పని జరుగుతున్నప్పుడు పొరపాటున కూడా తాళం తిప్పొద్దు, తలుపు తెరవొద్దు. మీటర్ లోపలి ఫ్యూజు కాలిపోతుంది, ఆ తర్వాత మీటర్ సున్నా చూపిస్తుంటే బండి బాగుపడిందని సంబరపడతాం.

మొదట అంకె చూసి భయపడకండి. మూడు నాలుగు ఆంపియర్లు చూపించడం మామూలే. రెండు మూడు నిమిషాలకు ఒకటికి దిగుతుంది, మళ్ళీ ఎక్కడో ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) టక్కుమంటుంది, అర ఆంపియరుకు వస్తుంది. కొన్ని బళ్ళు పూర్తిగా నిద్రపోవడానికి 20 నిమిషాలు తీసుకుంటాయి, కొన్ని గంట కూడా తీసుకుంటాయి. ఈ నిద్ర పట్టేదాకా ఆగకుండా ఫ్యూజులు పీకడం మొదలుపెట్టినవాళ్ళు ఆ రోజంతా పీకుతూనే ఉంటారు. ఒక స్టూలు వేసుకుని బండికి దూరంగా కూర్చోండి, రిమోట్ తాళం కూడా దూరంగా పెట్టండి. దగ్గరుంటే కొన్ని బళ్ళు దాన్ని పసిగట్టి మేలుకుంటాయి. గంట తర్వాత అంకె 0.03, 0.04 దగ్గర ఉంటే మీ బండి నిర్దోషి. 0.16 దగ్గర కదలకుండా నిలబడితే మన లెక్క తప్పు కాదన్నమాట.

అప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే తీయండి. తీసినప్పుడల్లా మీటర్ చూడండి. ఒకదాని దగ్గర 0.16 కాస్తా 0.03 అవుతుంది, ఆ ఫ్యూజు ఏమేం నడుపుతుందో బండి పుస్తకంలో చూసుకుని ఒక్కొక్క పరికరాన్ని విడదీయండి. ఫ్యూజు తీస్తే బండి మేలుకుంటుందనిపిస్తే పీకకుండానే చూసే దారి ఉంది. బ్లేడ్ ఫ్యూజు నెత్తి మీద రెండు చిన్న లోహపు చుక్కలు కనిపిస్తాయి. మీటర్‌ను మిల్లీవోల్టులకు మార్చి ఆ రెండింటి మీద ముళ్ళు ఆనించండి. కరెంటు పారని ఫ్యూజు సున్నా చూపిస్తుంది. 10 ఆంపియర్ల మినీ ఫ్యూజు మీద ఒక మిల్లీవోల్టు కనిపిస్తే కాస్త అటూ ఇటూగా 0.13 ఆంపియర్ పారుతున్నట్టు. ముల్లు ఆనించగానే 0.0 ఉండాల్సిన చోట 1.2 కనిపించినప్పుడు, నిజం చెప్తున్నాను, ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు మనసు తేలికపడుతుంది.

ఫ్యూజులన్నీ తీసినా అంకె తగ్గకపోతే? క్యాంపర్లలో ఇది తరచూ జరుగుతుంది. వ్యాన్‌ను క్యాంపర్‌గా మార్చినవాళ్ళు, ట్రాకర్ పెట్టినవాళ్ళు, రివర్స్ కెమెరా బిగించినవాళ్ళు తమ వైరును తిన్నగా బ్యాటరీ పోస్టుకే తగిలించి వెళ్ళిపోతారు. ఫ్యాక్టరీ ఫ్యూజు బాక్సుకు ఆ వైరు గురించి తెలియనే తెలియదు. పాజిటివ్ క్లాంపు దగ్గర కొత్తగా కనిపించే ప్రతి సన్న వైరునూ వెంబడించండి. అవి కూడా శుభ్రమైతే ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించేది) వెనక ఉన్న లావు వైరును అనుమానించాలి. ఆల్టర్నేటర్ లోపల ఒక డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) పాడైతే ఇంజిన్ ఆగాక కరెంటు వెనక్కి కారిపోతుంది, ఏ ఫ్యూజు తీసినా అది ఆగదు.

నా సొంత బండిలో నేను పడ్డది చెప్తాను, మీకూ అవసరం రావచ్చు. కొని ఏడాది అయింది. ఒక సాయంత్రం బండి ఆపి, పడుకుని, తెల్లారి తాళం తిప్పితే డాష్‌బోర్డు లైట్లు కూడా సరిగా వెలగలేదు. ముందు రోజు ఆరు గంటలు నడిపిన బండి. వెనక ఇంట్లో లైట్లు వేస్తే అవీ గుడ్డిగా ఉన్నాయి. అదే నాకు దారి చూపింది: రెండు బ్యాటరీలూ ఒకే రాత్రి ఎలా చస్తాయి? మీటర్ పెడితే స్టార్టర్ 10.94, ఇల్లు 10.94. వందో వంతు కూడా తేడా లేదు. ఇంజిన్ ఆగాక రెంటినీ విడదీయాల్సిన రిలే విడిపోలేదు. దాన్ని విప్పి మూత తీస్తే లోపల రెండు రాగి కాంటాక్టులు కరిగి ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి, గోటితో లాగినా రాలేదు. బండిని మార్చిన వర్క్‌షాపువాళ్ళు 70 ఆంపియర్ల రిలే పెట్టాల్సిన చోట 30 ఆంపియర్లది పెట్టారు. ఫ్రిజ్ మీట 12 వోల్టుల మీదే ఉండిపోయింది. గ్యాసు, మెయిన్స్, 12 వోల్టులు మూడింటి మీదా నడిచే ఆ రకం ఫ్రిజ్ 120 వాట్లు, అంటే 10 ఆంపియర్లు తాగుతుంది. ఎనిమిది గంటల్లో 80 ఏహెచ్. ఇంజిన్ నడుస్తున్నప్పుడు తప్ప దాన్ని 12 వోల్టుల మీద ఉంచకూడదని ఆ రోజే నేర్చుకున్నాను.

మీరు కూడా ఈ పరీక్ష చేయండి, ఖర్చేమీ లేదు. చీకటి పడ్డాక, ఇంజిన్ ఆపి గంటయ్యాక రెండు బ్యాటరీల వోల్టేజీ కొలవండి. పగలు వద్దు, ఎందుకంటే కొన్ని రిలేలు సోలార్ వోల్టేజీ చూసి కూడా కలిసిపోతాయి. ఈ వోల్టేజీ రిలేలు సాధారణంగా 13.3 దగ్గర కలిసి 12.8 దగ్గర విడిపోతాయి. రాత్రి రెండూ అచ్చంగా ఒకే అంకె చూపిస్తే, ఇంట్లో ఒక లైటు వేసి స్టార్టర్ వోల్టేజీ కూడా కదులుతుందేమో చూడండి. కదిలితే రిలే అతుక్కుపోయినట్టే.

ఆల్టర్నేటర్‌ను కూడా ఒకసారి చూసుకోండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.6 మధ్య ఉండాలి. 12.5 ఉండి మెల్లగా దిగుతుంటే బెల్టు, ఛార్జింగ్ ఫ్యూజు, లేదా ఆల్టర్నేటరే. కానీ యూరో 6 (యూరప్ పొగ నియమం) తరం వ్యాన్లు చాలావాటిలో స్మార్ట్ ఆల్టర్నేటర్ ఉంటుంది, అది ఇంధనం మిగల్చడానికి కావాలనే 12.5 దగ్గరికి దిగుతుంది, బ్రేకు వేసినప్పుడు 15 దాకా ఎక్కుతుంది. ఒక్కసారి కొలిచి చెడిపోయిందని తీర్పు చెప్పొద్దు. ఇలాంటి బళ్ళకు వోల్టేజీ రిలే నప్పదు, డీసీ-టు-డీసీ ఛార్జర్ పెట్టాలి. ఇంటి బ్యాటరీ లిథియం అయితే మరీను. లిథియం ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, ఆల్టర్నేటర్ గంటల తరబడి పూర్తి బరువు మోసి వేడెక్కిపోతుంది. డీసీ-టు-డీసీ ఆ లాగుడును 30 ఆంపియర్లకో ఎంతకో కట్టడి చేస్తుంది, ఇంజిన్ ఆగగానే రెండు బ్యాటరీలనూ విడదీస్తుంది.

ఈలోగా మళ్ళీ ఎక్కడైనా ఇరుక్కుపోతే ఏం చేయాలో చెప్తాను. జంప్ ఇచ్చేటప్పుడు ఎర్ర కేబుల్ ముందు చచ్చిన బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో చివర మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్లది మంచి బ్యాటరీ నెగటివ్‌కు, ఆఖరి చివర మీ ఇంజిన్ ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, ఆఖరి కలయికలో నిప్పురవ్వ తప్పదు, అందుకే దూరం. ఐదు పది నిమిషాలు అలా వదిలి తర్వాత సెల్ఫ్ కొట్టండి. ఫియట్ డ్యుకాటో లాంటి వ్యాన్లలో బ్యాటరీ కేబిన్ నేల కింద ఉంటుంది, జంప్ కోసం బోనెట్ కింద వేరే పాజిటివ్ పాయింటు ఇస్తారు. బ్యాటరీ ఉబ్బి ఉన్నా, గడ్డకట్టి ఉన్నా జంపూ వద్దు, ఛార్జింగూ వద్దు. ఖాళీ అయిన బ్యాటరీలో ఉన్నది దాదాపు నీళ్ళే, సున్నాకు ఓ పది డిగ్రీలు కిందికి వెళ్తే గడ్డకట్టేస్తుంది.

పక్క బండి దొరకకపోతే ఇంటి బ్యాటరీ ఉందిగా అని లోపలి సన్న వైరు మీదుగా సెల్ఫ్ కొట్టకండి. ఆ వైరు 300 ఆంపియర్లకు వేసింది కాదు. లిథియం అయితే దాని లోపలి రక్షణ సర్క్యూటు కట్టేస్తుంది, ఇల్లంతా చీకటవుతుంది. మీ దగ్గర ఇన్వర్టర్ ఉంటే మామూలు ప్లగ్గు బ్యాటరీ ఛార్జర్‌ను దానికి పెట్టి, క్లిప్పులు స్టార్టర్ బ్యాటరీకి తగిలించండి. 8 ఆంపియర్ల ఛార్జర్ గంటన్నరలో 12 ఏహెచ్ దాకా ఎక్కిస్తుంది, చాలాసార్లు ఇంజిన్ లేవడానికి అది చాలు. మనుషులు లేని చోట ఇలా రెండుసార్లు బయటపడ్డాను, అప్పటి నుంచి ఆ చిన్న ఛార్జర్ నా బండి దిగలేదు.

జంప్‌తో స్టార్టయ్యాక అరగంట ఇంజిన్ వదిలేస్తే బ్యాటరీ నిండిందనుకుంటారు. నిండదు. ఖాళీ బ్యాటరీ నిండాలంటే మెయిన్స్ ఛార్జర్ మీద రాత్రంతా, 8 నుంచి 10 గంటలు ఉంచాల్సిందే. మీ విషయంలో ఇది ముఖ్యం. ఖాళీ అయినప్పుడు పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, వెంటనే ఛార్జ్ చేస్తే కరిగిపోతుంది, వారాలు అలాగే ఉంటే గట్టిపడి ఇక కరగదు. స్టార్టర్ బ్యాటరీ పలకలు పల్చన, ఒక్కసారిగా పెద్ద కరెంటు ఇవ్వడానికి చేసినవి, అడుగంటా ఖాళీ కావడాన్ని అవి పదేపదే తట్టుకోలేవు. ఎనిమిది నెలల్లో మీది ఎన్నిసార్లు ఖాళీ అయిందో మీరు రాయలేదు. మూడు నాలుగు సార్లు అయితే కొంత నష్టం జరిగే ఉంటుంది. నిండా ఛార్జ్ చేసి, నెగటివ్ క్లాంపు తీసేసి, రెండు రోజులు వదిలి కొలవండి. 12.6 దగ్గర నిలబడితే ఇంకా బతికే ఉంది. తనంతట తానే 12.3కు జారిపోతే, అప్పుడు మార్చండి.

ఛార్జర్ పెట్టేటప్పుడు నెగటివ్ పోస్టు మీద చిన్న నల్ల డబ్బీ లాంటి సెన్సర్ కనిపిస్తే ఛార్జర్ నెగటివ్ క్లిప్పును పోస్టుకు కాకుండా ఛాసిస్‌కు పెట్టండి. ఎక్కించిన కరెంటు ఆ సెన్సర్ లెక్కలోకి రావాలి.

దొంగను పట్టాక కూడా నిలబడ్డ బండికి తిండి ఏర్పాటు చేయాలి, 0.04 ఆంపియర్ అయినా నెలన్నరకు సగం ఖాళీ చేస్తుంది. మీకు సోలార్ ఉంది కాబట్టి తేలిక దారి ఉంది: ఇంటి బ్యాటరీ నిండాక మిగిలిన కరెంటును కొద్ది కొద్దిగా స్టార్టర్‌కు పంపే చిన్న పరికరం దొరుకుతుంది, కొన్ని సోలార్ కంట్రోలర్లలో అందుకు రెండో అవుట్‌పుట్ ఉంటుంది. మీ కంట్రోలర్‌లో ఉందేమో చూడండి, ఉంటే ఫ్యూజుతో ఒక వైరు లాగితే సరిపోతుంది. విడిగా 20 వాట్ల ప్యానెల్, చిన్న కంట్రోలర్‌తో పెట్టినా మంచిదే. మంచి ఎండలో రోజుకు 5, 6 ఏహెచ్ ఇస్తుంది, మబ్బు రోజుల్లో ఒకటి ఇస్తే గొప్ప. డాష్‌బోర్డు సాకెట్‌లో గుచ్చే ప్యానెల్ కొనేముందు తాళం తీశాక ఆ సాకెట్‌లో కరెంటు ఉందో లేదో మీటర్‌తో చూడండి. చాలా బళ్ళలో తాళంతో పాటు సాకెట్ కూడా ఆగిపోతుంది, ప్యానెల్ ఎండలో ఊరికే కాలుతుంటుంది. నెగటివ్‌కు ఐసోలేటర్ స్విచ్ పెట్టడం ఇంకో దారి. అప్పుడు అలారం, ట్రాకర్, రిమోట్ లాక్ ఏవీ పనిచేయవు, రేడియో కోడ్ అడగొచ్చు. తాళంతో తలుపు తెరుచుకుంటోందని ముందే చూసుకుని మరీ ఆపండి.

మార్చాల్సి వస్తే పాతదాని రకమే వేయండి. స్టార్ట్-స్టాప్ ఉన్న బండికి ఏజీఎమ్ లేదా ఈఎఫ్‌బీ (మామూలు దానికన్నా గట్టిగా చేసిన రకం) ఉంటే దాని బదులు మామూలుది పనికిరాదు, కొన్ని బళ్ళలో కొత్త బ్యాటరీ సంగతి స్కానర్‌తో కంప్యూటర్‌కు చెప్పాలి కూడా. సీసీఏ అంకె పాతదానికి తగ్గకూడదు. అది మైనస్ 18 డిగ్రీల దగ్గర ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె, చలిలో డీజిల్‌కు కావాల్సింది అదే. కేబిన్ లోపల ఉండే బ్యాటరీ అయితే గాలి బయటికి పోయే సన్న గొట్టాన్ని మళ్ళీ తగిలించడం మరవకండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ ఆఖరున.

ఈ వారంలో వీలు చూసుకుని నాలుగు అంకెలు రాయండి: నిండా ఛార్జ్ చేసి రెండు రోజులు విడిగా ఉంచాక బ్యాటరీ వోల్టేజీ, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంతకు దిగింది, రాత్రి రెండు బ్యాటరీల వోల్టేజీ పక్కపక్కన, బండి నిద్రపోయాక కారే కరెంటు. బండి మోడల్, తయారైన సంవత్సరం, పాజిటివ్ క్లాంపుకు ఎన్ని వైర్లు తగిలించి ఉన్నాయో కూడా చెప్పండి, వీలైతే దాని ఫోటో పెట్టండి. ఏ వైరు ముందు విప్పాలో అది చూసి చెప్తాను.